నొప్పి మామూలే అన్నారు.. డబ్బు అడిగితే పాత జబ్బన్నారు!

మర్నాడు ఉదయం ఏడింటికి ఆపరేషన్. ముందు రోజు సాయంత్రం హైదరాబాద్‌లో ఆస్పత్రి కింది అంతస్తులో ఇన్సూరెన్సు కౌంటర్ ముందు నిలబడి ఉన్నాం నేనూ, మావారూ. అద్దం వెనక కూర్చున్న అమ్మాయి కంప్యూటర్ వంక చూసి, మా వంక చూసి మెల్లగా చెప్పింది. "మేడమ్, మీ క్యాష్‌లెస్ రిజెక్ట్ అయింది. పాలసీ తీసుకోక ముందు నుంచే మీకీ జబ్బు ఉందట."

నమ్ముతారో లేదో, నాకు ముందు నవ్వొచ్చింది. ఆ తర్వాతే ఏడుపొచ్చింది. ఎందుకంటారా? ఇరవై ఏళ్లుగా నాకు జబ్బు ఉందని ఒక్కరంటే ఒక్కరు ఒప్పుకోలేదు. అమ్మ ఒప్పుకోలేదు, అత్తయ్య ఒప్పుకోలేదు, చివరికి నేనూ ఒప్పుకోలేదు. అందరికంటే ముందు ఒప్పుకున్నది ఇన్సూరెన్సు కంపెనీ. అదీ డబ్బు ఇవ్వకుండా ఉండటానికి!

ఆ రోజు నుంచి డబ్బు చేతికి అందేదాకా పదకొండు నెలలు పట్టింది. నాలాంటి వాళ్లకి పనికొస్తుందనే ఇదంతా రాస్తున్నాను.

'ఆడపిల్లకి ఆ మాత్రం ఉండదా?'

మాది ఖమ్మం. నేను ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచర్ని. మావారు గ్రానైటు ఫ్యాక్టరీలో అకౌంట్లు చూస్తారు. నాకు పదో తరగతిలో మొదలైంది ఈ నొప్పి. నెలసరి వచ్చిందంటే మూడు రోజులు చాప మీద మెలికలు తిరిగిపోయేదాన్ని. అమ్మ వాము నీళ్లు కాచి ఇచ్చేది. "మాకు మాత్రం రాలేదా? ఆడపిల్లకి ఆ మాత్రం ఉండదా? పెళ్లయితే అదే పోతుంది" అనేది.

2015లో పెళ్లయింది. నొప్పి పోలేదు. "ఒక కాన్పయితే అంతా సర్దుకుంటుందమ్మా" అన్నారు అత్తయ్య. ఆవిడ మంచి మనిషి. ఆ మూడు రోజులూ నన్ను బరువైన పని చేయనిచ్చేవారు కాదు. కానీ డాక్టరు దగ్గరకెళ్దామన్న ఆలోచన ఆవిడకీ రాలేదు, నాకూ రాలేదు. కాన్పూ కాలేదు. మెడికల్ షాపులో దొరికే మాత్ర ఒకటి వేసుకోవడం, నల్లబల్ల పట్టుకుని పాఠం చెప్పడం.. అలా గడిచిపోయాయి ఏళ్లు.

2022 చివర్లో కొత్త బాధ మొదలైంది. బహిష్టు రోజుల్లో బాత్రూముకి వెళ్లాలంటే ప్రాణం పోయినట్టుండేది. ఎడమవైపు నడుములో ఆగకుండా సలుపు. ఖమ్మంలో డాక్టరమ్మ స్కానింగ్ చేసి, "ఎడమ కిడ్నీ వాచింది, ఆలస్యం చేయకుండా హైదరాబాద్ వెళ్లండి" అన్నారు. అక్కడ 2023 ఏప్రిల్‌లో ఎమ్మారై తీశాక మొదటిసారి నా జబ్బు పేరు విన్నాను. ఎండోమెట్రియోసిస్.

గర్భసంచి లోపలి పొరలాంటి కణజాలమే బయట కూడా, అంటే అండాశయాల మీదా, పేగుల మీదా, మూత్రనాళాల మీదా పెరగడం ఈ జబ్బు. లోపలి పొరలాగే నెలనెలా అక్కడా వాపు, రక్తస్రావం. కానీ అది బయటికి పోయే దారి ఉండదు. దాంతో అవయవాలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. ప్రపంచంలో పిల్లలు కనే వయసు ఆడవాళ్లలో నూటికి పదిమందికి, అంటే సుమారు 19 కోట్ల మందికి ఇది ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇంతమందికి ఉన్న జబ్బు పేరు, డిగ్రీ చదివిన నేను ముప్పై అయిదేళ్ల వయసులో విన్నాను!

నాకు పేగు మీదా, ఎడమ మూత్రనాళం చుట్టూ గడ్డ కట్టింది. మామూలు గైనకాలజిస్టు ఒక్కరే చేసే ఆపరేషన్ కాదిది. ఈ జబ్బుకే ప్రత్యేకంగా ల్యాప్రోస్కోపీ చేసే డాక్టరు, పేగుల సర్జను, యూరాలజిస్టు.. ముగ్గురూ ఒకేసారి ఉండాలి. "ఇంకా వాయిదా వేస్తే ఎడమ కిడ్నీ దక్కదు" అన్నారు పెద్ద డాక్టరు.

పాలసీ ఉందన్న ధీమా

మాకు రేషన్ కార్డు లేదు కాబట్టి ఆరోగ్యశ్రీ వర్తించదు. కరోనా మొదటి అల చూసి భయపడి 2021 ఫిబ్రవరిలో ఇద్దరికీ కలిపి 5 లక్షల ఆరోగ్య బీమా తీసుకున్నాం. ఏజెంటు మా ఇంట్లోనే కూర్చుని ఫారం నింపాడు. "షుగరుందా అమ్మా? బీపీ? గుండె జబ్బు? ఏదైనా ఆపరేషన్ అయిందా?" అన్నిటికీ లేదన్నాను. నెలసరి నొప్పి సంగతి చెప్పాలని నాకు తట్టనే లేదు. తట్టినా చెప్పేదాన్ని కానేమో. ఇంటిల్లిపాదీ జబ్బు కాదన్న దాన్ని జబ్బుల పట్టికలో ఎవరు రాయిస్తారు చెప్పండి?

ఇలాంటి పాలసీల్లో కొన్ని జబ్బులకు రెండేళ్లు ఆగాలన్న షరతు ఉంటుంది. కంటి శుక్లాలు, హెర్నియా, గర్భసంచి గడ్డలు, ఎండోమెట్రియోసిస్ మా పాలసీలో ఆ పట్టికలోనే ఉన్నాయి. మాకు రెండేళ్ల అయిదు నెలలు నిండాయి. ఇక ఇబ్బందేమీ ఉండదనుకుని 2023 జులైలో ఆస్పత్రిలో చేరాను.

చేరిన రోజు ఒక చిన్న డాక్టరమ్మ కేస్‌షీట్ రాసుకుంది. "ఎప్పటి నుంచి నొప్పి అక్కా?" అని అడిగింది. "పదో తరగతి నుంచీ" అన్నాను. ఆ అమ్మాయి 'ఇరవై ఏళ్లుగా నెలసరి నొప్పి' అని రాసింది. కింద 'పెళ్లయి ఎనిమిదేళ్లు, సంతానం లేదు' అని రాసింది. అందులో అబద్ధమేమీ లేదు. కానీ ఆ రెండు వాక్యాలే మా మెడకు చుట్టుకున్నాయి. కంపెనీ తరఫున క్లెయిములు చూసే మధ్యవర్తి సంస్థకు ఆ కాగితం వెళ్లింది. సాయంత్రానికి తిరస్కరించారు.

గొలుసు తీసిచ్చిన అత్తయ్య

ఆపరేషన్ రెండు రోజులు వాయిదా పడింది. నా నాలుగు గాజులు, నల్లపూసలు ఉన్నాయి. చాలవు. అప్పుడు అత్తయ్య ఏమీ మాట్లాడకుండా మెడలోని రెండు పేటల గొలుసు తీసి మావారి చేతిలో పెట్టారు. మామయ్యగారు పోయాక కూడా ఆవిడ ఆ గొలుసు తీయలేదు. "మనిషి కంటే ఎక్కువా రా?" అన్నారు, అంతే. బంగారం కుదువ పెట్టి 3 లక్షలు, మావారి స్నేహితుల దగ్గర చేబదులు, మా వదిన దాచుకున్న చీటీ డబ్బు కలిపి కట్టాం.

ఆపరేషన్ ఆరున్నర గంటలు పట్టింది. కిడ్నీ దక్కింది. పేగు చిన్న ముక్క కోసి మళ్లీ అతికారు. బిల్లు 4,62,000 రూపాయలు. అయిదో రోజు ఇంటికి పంపించారు. ఇంటికొచ్చాక మొదటి నెలసరిలో రాత్రి నిద్రపోయాను. తెల్లారి లేచి, నిద్రపోయానన్న సంగతి తలుచుకుని ఏడ్చాను.

ఎంక్వయిరీకి వచ్చిన అబ్బాయి

క్యాష్‌లెస్ కాదన్నంత మాత్రాన క్లెయిము పోయినట్టు కాదు. ముందు మనం కట్టుకుని, తర్వాత బిల్లులు పెట్టి అడగొచ్చు. ఒరిజినల్ బిల్లులన్నీ జిరాక్సులు తీయించుకుని, ఆగస్టులో దరఖాస్తు పంపాం. రెండు వారాలకి కంపెనీ పంపించిందంటూ ఒకబ్బాయి ఎంక్వయిరీకి వచ్చాడు. మర్యాదగానే ఉన్నాడు. కాఫీ తాగాడు. అంతకుముందే మా వీధి చివర మెడికల్ షాపులో నా గురించి అడిగొచ్చాడని తర్వాత తెలిసింది.

మాటల మధ్యలో అన్నీ అడిగి, ఇంగ్లీషులో ఒక కాగితం రాసి "సంతకం పెట్టండి మేడమ్, ఫార్మాలిటీ" అన్నాడు. చదివాను. 'ఇరవై ఏళ్లుగా ఈ జబ్బుకి చికిత్స పొందుతున్నాను' అని ఉంది. "నొప్పి ఉందన్నాను గానీ చికిత్స అనలేదు బాబూ" అన్నాను. "రెండిటికీ తేడా ఏముంది మేడమ్?" అన్నాడు. "లెక్కల టీచర్ని, తేడా ఎంతో నాకు తెలుసు" అని ఆ వాక్యం కొట్టేసి, నేను చెప్పదలుచుకున్నది తెలుగులో నా చేత్తో రాసి, తేదీ వేసి సంతకం పెట్టాను. ఫోనుతో ఫొటో తీసుకున్నాను. ఆ ఒక్క పనే చివరికి నన్ను గట్టెక్కించిందని ఇప్పటికీ అనుకుంటాను.

అయినా అక్టోబరులో తిరస్కరణ ఉత్తరం వచ్చింది. కారణాలు రెండు. ఒకటి, ఇరవై ఏళ్లుగా లక్షణాలున్నాయి కాబట్టి ఇది పాలసీకి ముందే ఉన్న జబ్బు, దానికి నాలుగేళ్లు ఆగాలి. రెండు, సంతానం లేదు కాబట్టి ఇది సంతానలేమికి చేసిన చికిత్స, దానికి బీమా లేదు.

రెండో కారణం చదివి నేను పడ్డ బాధ మొదటిదానికి పడలేదు. కిడ్నీ కాపాడుకోవడానికి కోయించుకున్న కోతని పిల్లల కోసమన్నారు. పిల్లలు లేని ఆడదానికి ఏ జబ్బొచ్చినా దానికేనా ముడిపెట్టేది?

పాలసీ పుస్తకంలోనే దొరికింది జవాబు

మావారు "ఇక వదిలేద్దాం, ఆరోగ్యం దక్కింది చాలు" అన్నారు. నేనూ సగం వదిలేశాను. మా స్కూల్లో తెలుగు టీచరు వాళ్లన్నయ్య వినియోగదారుల సంఘంలో పనిచేస్తారు. ఆయన ఫోన్లో ఒక్కటే అడిగారు. "పాలసీ పుస్తకంలో 'ముందే ఉన్న జబ్బు' అంటే ఏమిటో రాసి ఉంటుంది, చదివారా అమ్మా?"

చదవలేదు. మనలో ఎంతమందిమి చదువుతాం? ఆ రాత్రి కూర్చుని చదివాను. పాలసీ మొదలయ్యే ముందు 48 నెలల్లో డాక్టరు ఆ జబ్బుందని నిర్ధారించి ఉండాలి, లేదా డాక్టరు దానికి సలహా గానీ చికిత్స గానీ ఇచ్చి ఉండాలి. అప్పుడే అది ముందే ఉన్న జబ్బు. ఇంతే ఉంది. 'లక్షణాలు' అన్న మాట అందులో ఎక్కడా లేదు. ఒకప్పటి నిర్వచనంలో ఆ మాట ఉండేదట. బీమా నియంత్రణ సంస్థ తర్వాత మార్చింది. మా పాలసీ మార్చిన తర్వాతది. మాకొచ్చిన ఉత్తరంలో మాత్రం పాత మాటే!

రెండోదీ చూశాను. సంతానలేమి కింద మినహాయించినవి టెస్ట్‌ట్యూబ్ బేబీ, అద్దెగర్భం లాంటి చికిత్సలు. పేగు మీద గడ్డ తీయడం అందులో లేదు.

ఇక కావలసింది ఆపరేషన్ చేసిన డాక్టరు చేతి ఉత్తరం. దానికోసం హైదరాబాద్‌కి నాలుగుసార్లు తిరిగాను. బిల్లింగ్‌లో "అది మా పని కాదు" అన్నారు. వార్డులో "సార్ థియేటర్లో ఉన్నారు" అన్నారు. నాలుగోసారి ఓపీ మెట్ల దగ్గర ఆయన్నే పట్టుకున్నాను. విషయం విని అక్కడే కూర్చుని రాసిచ్చారు. జబ్బు మొదటిసారి తెలిసింది 2023 ఏప్రిల్‌లో అని, నెలసరి నొప్పి ఒక లక్షణమే గానీ నిర్ధారణ కాదని, ఆపరేషన్ చేసింది కిడ్నీనీ పేగునీ కాపాడటానికే గానీ సంతానం కోసం కాదని. మూడే మూడు వాక్యాలు.

అంబుడ్స్‌మన్ ముందు

నవంబరులో కంపెనీ ఫిర్యాదుల అధికారికి రిజిస్టర్డ్ పోస్టులో రాశాను. నెల దాటినా జవాబు లేదు. 2024 జనవరిలో బీమా అంబుడ్స్‌మన్‌కి ఫిర్యాదు పంపాను. మన రెండు తెలుగు రాష్ట్రాలకీ, యానాంకీ కలిపి హైదరాబాద్‌లోనే ఉంది ఆ కార్యాలయం. ఫీజు లేదు. వకీలుని పెట్టుకోనక్కర్లేదు, పెట్టుకోనివ్వరు కూడా. మన గోడు మనమే చెప్పుకోవాలి. అదే నాకు ధైర్యాన్నిచ్చింది. కోర్టు అంటే నేనూ వెనకడుగు వేసేదాన్నే.

ఏప్రిల్‌లో విచారణ, వీడియోలో. స్కూలుకి సెలవు పెట్టి, ముందు గదిలో బల్ల మీద కాగితాలన్నీ వరుసగా పేర్చుకుని కూర్చున్నాను. కంపెనీ తరఫున వచ్చినాయన గట్టిగా వాదించాడు. "ఇరవై ఏళ్లు ఇంత నొప్పి భరిస్తూ డాక్టరు దగ్గరకి వెళ్లలేదంటే ఎవరు నమ్ముతారండీ?"

అంబుడ్స్‌మన్ నన్నడిగారు. "నిజంగా ఎప్పుడూ చూపించుకోలేదా అమ్మా?"

నేను నోరు తెరిచేలోగా వెనక నుంచి అత్తయ్య ముందుకొచ్చారు. ఆవిడ అక్కడున్నారని కూడా నేను గమనించలేదు. "మేమే చూపించలేదండీ. ఆడవాళ్లకి మామూలేనని నేనే అన్నాను. వాళ్లమ్మా అదే అంది. తప్పు మాది, అమ్మాయిది కాదు" అన్నారు. గొంతు వణికింది. ఒక్క క్షణం అవతల ఎవరూ మాట్లాడలేదు.

తర్వాత అడిగినవన్నీ కాగితాల గురించే. పాలసీకి ముందు నాలుగేళ్లలో ఒక్క మందుచీటీ అయినా ఉంటే చూపించమని కంపెనీని అడిగారు. వాళ్ల దగ్గర లేదు. ఎంక్వయిరీ కాగితంలో నేను కొట్టేసి రాసిన వాక్యం చూపించాను. డాక్టరుగారి ఉత్తరం చదివారు. మొత్తం ఇరవై నిమిషాలు కూడా పట్టలేదు.

మే నెలలో తీర్పు నాకు అనుకూలంగా వచ్చింది. గ్లవ్స్, దూది లాంటి పాలసీలో లేని ఖర్చులు తీసేసి 4,18,000 రూపాయలు జూన్‌లో బ్యాంకులో పడ్డాయి. మొదట విడిపించింది అత్తయ్య గొలుసు. బంగారం మీద కట్టిన 33 వేల వడ్డీ మాకు తిరిగి రాలేదు. పోనీలెండి.

చూపించుకోకపోవడమే మంచిదా?

నా కథ విన్న ఒకావిడ "చూశావా, డాక్టరు దగ్గరకి వెళ్లకపోవడమే నీకు కలిసొచ్చింది! వెళ్లుంటే రికార్డయిపోయేది" అంది. ఆ మాట నన్ను చాలా రోజులు వేధించింది. పైకి చూస్తే నిజమే అనిపిస్తుంది. కానీ పదిహేనేళ్ల ముందే చూపించుకుని ఉంటే నా పేగు కోయాల్సి వచ్చేదా? కిడ్నీ అంతదాకా వచ్చేదా? నాలుగు లక్షలు వచ్చాయి గానీ, ఆ ఇరవై ఏళ్ల రాత్రులు ఎవరిస్తారు?

జబ్బు చెప్పి పాలసీ తీసుకుంటే ఇప్పుడు నష్టమూ తక్కువే. ముందే ఉన్న జబ్బుకి ఎక్కువలో ఎక్కువ మూడేళ్లే ఆగాలని 2024లో నియమం మార్చారు. కాబట్టి చూపించుకోండి, ఫారంలో నిజం రాయండి, ఆ తర్వాత హక్కుగా అడగండి.

మొన్న తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి బల్ల మీద తల పెట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకుంటోంది. ప్రతి నెలా అంతేనట. "మామూలేలే మేడమ్" అంది పక్క పిల్ల. సాయంత్రం వాళ్లమ్మని పిలిపించాను. ఆవిడా నవ్వుతూ "మాకు మాత్రం లేదా మేడమ్?" అంది. కూర్చోబెట్టి ఈ కథంతా చెప్పాను. వెళ్లేటప్పుడు ఆవిడ నవ్వలేదు. డాక్టరమ్మ చిరునామా రాయించుకుని వెళ్లింది.

ఇవి గుర్తుంచుకోండి

* ఏజెంటు నింపిన ఫారం మీరే చదివి సంతకం పెట్టండి. జిరాక్సు ఉంచుకోండి. పాలసీ పుస్తకంలో నిర్వచనాలు, మినహాయింపుల పేజీలు తప్పక చదవండి.

* వరుసగా అయిదేళ్లు పాలసీ నడిస్తే, మోసం చేశారని నిరూపిస్తే తప్ప, ఏదో చెప్పలేదన్న కారణంతో క్లెయిము కాదనకూడదు. అందుకే రెన్యువల్ తప్పనివ్వకండి.

* గది అద్దెకి పరిమితి ఉందేమో చూసుకోండి. అంతకంటే ఖరీదైన గదిలో చేరితే అద్దెలోనే కాదు, డాక్టరు ఫీజు లాంటి మిగతా ఖర్చుల్లోనూ అదే నిష్పత్తిలో కోత పడవచ్చు.

* క్యాష్‌లెస్ దరఖాస్తుపై గంటలోగా, డిశ్చార్జి సమయంలో మూడు గంటల్లోగా కంపెనీ తేల్చాలని 2024 నియమాలు చెబుతున్నాయి. కాదంటే కారణం రాతపూర్వకంగా అడగండి.

* కేస్‌షీట్‌లో ఏం రాస్తున్నారో అడగండి. నిజమే చెప్పండి. కానీ నొప్పి ఎప్పటి నుంచో, జబ్బని తెలిసింది ఎప్పుడో రెండూ విడివిడిగా రాయమనండి.

* ఎంక్వయిరీకి వచ్చినవాళ్లు రాసిన కాగితం చదవకుండా సంతకం పెట్టకండి. అర్థం కాని భాషలో ఉంటే మీ మాట మీ భాషలో మీరే రాసివ్వండి.

* క్లెయిము తిరస్కరిస్తే ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయండి. బీమా నియంత్రణ సంస్థ వారి 'బీమా భరోసా' ద్వారా గానీ, 155255 నంబరుకి ఫోన్ చేసి గానీ ఫిర్యాదు నమోదు చేయించవచ్చు.

* నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా అంబుడ్స్‌మన్‌ని ఆశ్రయించండి. ఏడాది దాటనివ్వకండి. 50 లక్షల రూపాయల దాకా పరిహారం ఇప్పించే అధికారం ఆయనకి ఉంది.